కోళ్ల నీళ్ల గిన్నె, 38 వేల జర్మన్ టోపీ

ఈ కేసులో నేనే ఒక తప్పు చేశాను. అది మధ్యలో వస్తుంది. దాన్ని పక్కన పెట్టి మిగతాది మాత్రం రాస్తే పాత హెల్మెట్లు కొనేవాళ్లకు గానీ, ఇంట్లో అటక మీద ఒకటి పడి ఉన్నవాళ్లకు గానీ పెద్దగా పనికిరాదు, అందుకే ముందే చెప్పేస్తున్నా.

ఆర్మీ వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాక తిరుపతిలో కరకంబాడి రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు వేసుకున్నాను. పాత లోహపు సామాన్లు శుభ్రం చేయడం, అవి ఏమిటో ఎప్పటివో తెలిసినంత వరకు రాసివ్వడం నా పని. వచ్చేవన్నీ మామూలుగా దీపపు సెమ్మెలు, గంటలు, పాత తాళాలు, తూకం రాళ్లు. ఏడాదికి ఐదారు సార్లు మిలట్రీ సామాను వస్తుంది. అది వచ్చిన రోజు మిగతా పనులన్నీ మూలన పడతాయి, మా ఇంట్లో తిట్లు కూడా ఆరోజే ఎక్కువ.

ఆయనది చిత్తూరు దాటాక బంగారుపాళ్యం వైపు ఒక పల్లె. బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. కారులోంచి రెండు సామాన్లు దించాడు. ఒకటి అట్టపెట్టెలో, బుడగల కవరు చుట్టి, పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు. రెండోది ఎరువుల సంచిలో ఉంది, దాన్ని నేల మీద పడేశాడు.

"ముందు ఇది చూడండి సార్. అసలైన జర్మన్ది. 38 వేలు పెట్టినా."

"ఆ సంచిలో ఏముంది?"

"అదా, మా నాయనది. దాన్నెందుకులే అనుకున్నా గానీ, డాలస్‌లో ఉండే మావోడు ఒకటే పోరు, తాత టోపీ కూడా చూపించు నాయనా అని."

వాళ్లింట్లో ఒక కథ ఉంది. వాళ్ల నాయన రెండో ప్రపంచ యుద్ధంలో ఎడారిలో ఒక జర్మనీ సిపాయిని కొట్టి వాడి టోపీ లాక్కొచ్చాడని. ఆ టోపీ ఇదే, సంచిలోది. అయితే కొడుకు నెట్‌లో బొమ్మలు వెతికి చూస్తే జర్మన్ హెల్మెట్ చెవుల మీదకు దిగి ఉంది, ఇంట్లోది చూస్తే బోర్లించిన పళ్లెంలాగా ఉంది. "తాత టోపీ జర్మన్ది కాదు నాయనా" అన్నాడంట ఫోన్‌లో. ఈయనకు మనసు చివుక్కుమంది. ఆర్నెల్లు వెతికి, బెంగళూరు వైపు ఒకాయన దగ్గర ఈ 'అసలైన' జర్మన్ హెల్మెట్ కొన్నాడు. అంటే కథకు సరిపోయే వస్తువును డబ్బు పెట్టి తెచ్చాడన్న మాట. ఆయన్ను నేను ఎగతాళి చేయడం లేదు. నా దగ్గరకొచ్చిన నకిలీ సామాన్లలో సగానికి పైగా ఇట్లాగే, ఇంట్లో చెప్పుకున్న ఒక మాటను నిలబెట్టడానికి కొన్నవే.

హెల్మెట్ చేతికి రాగానే నేను చేసే మొదటి పని దాన్ని తిరగేయడం. బయట కనిపించేదంతా ఎవరైనా ఎప్పుడైనా పూయగలరు, అతికించగలరు, గీకగలరు. లోపల పని చేయాలంటే ఓపిక కావాలి, నకలు చేసేవాడు అంత ఓపిక పడితే వాడికి గిట్టదు.

జర్మన్ది ముందు చూశాను, ఆయన ఆత్రం దాని మీదే కాబట్టి. రెండో యుద్ధం నాటి జర్మన్ హెల్మెట్లలో ఎక్కువగా కనిపించేవి మూడు: 1935 నమూనా, 1940 నమూనా, 1942 నమూనా. మొదటి రెండింటికీ అంచు లోపలికి మడిచి ఉంటుంది. 1942 దానికి అంచు మడవలేదు, కోసిన అంచునే కొంచెం బయటికి వంచి వదిలేశారు, ఫ్యాక్టరీలో ఒక పని తగ్గుతుందని. గాలి ఆడే రంధ్రాలు రెండు పక్కలా ఉంటాయి. 1935 దాంట్లో ఆ రంధ్రానికి విడిగా ఒక చిన్న రింగు బిగిస్తారు, 1940 నుంచి ఆ రింగు తీసేసి రంధ్రం అంచును గిన్నెలోంచే, అంటే హెల్మెట్ ఉక్కు డొప్పలోంచే, ఒత్తి లేపారు. ఇక పక్కల అతికించే గుర్తులు. సైన్యం వాటికి మొదట్లో ఎడమ పక్క డేగ, కుడి పక్క మూడు రంగుల కవచం గుర్తు ఉండేవి. 1940లో మూడు రంగులది తీసేయమన్నారు, 1943కల్లా డేగను కూడా వద్దన్నారు.

ఆయన తెచ్చినదానికి అంచు మడవలేదు. సరే, 1942 అనుకుందాం. రంధ్రాలకు మాత్రం విడి రింగులు, అంటే 1935. రెండు పక్కలా రెండు గుర్తులు, తళతళా మెరుస్తా ఉన్నాయి, అది 1940కి ముందు మాట. మనం ఇప్పుడు వాడే కొత్త 500 నోటు మీద 1998 అని సంవత్సరం అచ్చేసి ఉంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. యుద్ధంలో పాత భాగాలు కొత్తవాటికి వేయడం, రిపేరు చేసి మళ్లీ రంగు కొట్టడం జరుగుతూనే ఉంటుంది, కాబట్టి ఒక్క తేడా కనిపించగానే నకిలీ అనేయకూడదు. కానీ గిన్నెను అచ్చుగుద్దేటప్పుడే తేలిపోయే విషయాలు రెండు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే దానికి రిపేరు కథ చెల్లదు.

తర్వాత ముద్ర. నిజమైనవాటిలో లోపల ఎడమ పక్క అంచు దగ్గర తయారీదారు అక్షరాలు, సైజు ఉంటాయి. ఈటీ అంటే తాలే ఊరి ఫ్యాక్టరీ, క్యూ అంటే ఎస్లింగెన్‌లోని క్విస్ట్, ఇట్లా. వెనక వైపు లోపల ఇంకో నంబరు, అది లాటుది. ఇవన్నీ రంగు వేయకముందు గుద్దినవి. అందుకే అక్షరం లోపల కూడా రంగు దిగి ఉంటుంది, భూతద్దంలో చూస్తే గుంటలో రంగు గడ్డకట్టి కనిపిస్తుంది. ఈయన దాంట్లో 'ఈటీ 64' అని ఉంది, అదీ కుడి పక్కన. రంగు మీద గుద్దారు. అక్షరం అంచుల్లో రంగు పెళుసుగా పెచ్చులూడి, లోపల లోహం మెరిసి, ఆ మెరుపు కనపడకుండా గోధుమ రంగు ఏదో రాశారు. వెనక నంబరే లేదు.

64 సైజు గిన్నెలో 56 లేదా 57 సెంటీమీటర్ల తలకు సరిపోయే లైనర్ (తలకు ఆనే లోపలి తోలు, దాన్ని పట్టుకునే పట్టీ) పడాలి, గిన్నె సైజు, తల సైజు రెండూ లైనర్ పట్టీ మీద కలిపి గుద్ది ఉంటాయి. ఇక్కడ పట్టీ మీద ఏమీ లేదు, టేపు పెట్టి కొలిస్తే 60 వచ్చింది. తోలు మడత విప్పి చూశాను. పైన ముదురు గోధుమ, మడత లోపల కొత్త తోలు రంగు. మనకు పక్కనే రాణిపేట, ఆంబూరు ఉన్నాయి కదా, అక్కడ తోలు పనిలో ముప్పై ఏళ్లు చేసిన మిత్రుడొకాయన నాకున్నాడు, ఫోటో పంపితే "అన్నా, ఇది గట్టిగా ఐదేళ్ల తోలు, పైపైన రంగు పట్టించినారు" అన్నాడు. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే కుట్టు దారం నీలంగా వెలిగింది, సర్ఫ్‌తో ఉతికిన తెల్ల చొక్కా పెళ్లి డ్యాన్సు లైట్ల కింద వెలిగినట్టు. యుద్ధం నాటి నూలు దారం అట్లా వెలగదు. ఈ టార్చి మీద మరీ ఎక్కువ నమ్మకం పెట్టుకోవద్దు, వెలగలేదు కాబట్టి అసలుదే అనడానికి లేదు, వెలిగితే మాత్రం ఆ దారం తర్వాతిదై ఉండే అవకాశం ఎక్కువ. ఇక తూకం: లైనర్‌తో సహా 870 గ్రాములు. ఆ సైజు అసలుది కిలో దాటి పోతుంది.

తుప్పు గురించి ఒక్క మాట. దీని తుప్పు అంతటా ఒకే రకంగా, నారింజ రంగులో, వేలికి పొడిలాగా అంటుకుంటా ఉంది. ఎనభై ఏళ్ల తుప్పు అట్లా పట్టదు. రంగు పోయిన చోట, చెమట తగిలిన చోట, నీళ్లు నిలిచిన అంచులో మొదలవుతుంది, ముదురు గోధుమగా గట్టిపడి ఉంటుంది, పక్కనే రంగు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఉప్పు, వెనిగరు పోసి రాత్రికి రాత్రి తెప్పించే తుప్పుకు ఆ ఎంపిక తెలియదు.

ఇదంతా ఒక్కొక్కటిగా చూపిస్తుంటే ఆయన ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి జేబులోంచి ఒక కాగితం తీశాడు, అమ్మినవాడు ఇచ్చిన 'సర్టిఫికెట్'. రబ్బరు స్టాంపు, సంతకం, కింద ఒక పేరా: వాళ్ల తాత దీన్ని మద్రాసు మూర్ మార్కెట్‌లో కొన్నాడని. మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. యుద్ధం తర్వాత మిగిలిన మిలట్రీ సామాను అమ్మిన చోట్లలో అదీ ఒకటి, కాబట్టి కథ నమ్మేటట్టుగానే ఉంటుంది, పోయి అడగడానికి మాత్రం అంగడి లేదు. ఇట్లాంటి కాగితం రాసినవాడు వస్తువు గురించి ఒక్క కొలత కూడా రాయడు గమనించండి, ఎవరి తాత, ఎక్కడ కొన్నాడు, ఎంత కష్టపడ్డాడు ఇవే రాస్తాడు.

దాంతోపాటు అమ్మినవాడు 'ఫ్రీగా' ఒక పాత బ్రిటిష్ గ్యాస్ మాస్క్ కూడా ఇచ్చాడంట, కారు డిక్కీలో ఉంది. అది మాత్రం అసలుదే. అసలుది కావడమే ఇబ్బంది. ఆ కాలం బ్రిటిష్ మాస్కుల డబ్బాల్లో వడపోతకు ఆస్బెస్టాస్ వాడారు. దాన్ని మొహానికి పెట్టుకుని ఊపిరి తీయడం, డబ్బా ఊపి చూడడం, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వడం ఏదీ చేయకూడదు. వెంటనే మందపాటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఇంకో కవరు వేసి, టేపు చుట్టి, పైన పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. అదే జాతిలో ఇంకోటి, ఆ కాలం దిక్సూచీలు, గడియారాల్లో చీకట్లో వెలిగే రంగు. అందులో రేడియం ఉంటుంది. వెలుగు ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది, రేడియం మాత్రం సగం కావడానికే 1600 ఏళ్లు పడుతుంది. అద్దం ఊడదీసి గీకకండి.

ఇక ఎరువుల సంచి.

తీయగానే వచ్చిన వాసన కోళ్లగూటిది. లోపల తవుడు, మట్టి, ఇంకా చెప్పనక్కర్లేనివి అట్ట కట్టి ఉన్నాయి. బయట వెండి రంగు, గేట్లకు పూసేది. వాళ్లమ్మ నలభై ఏళ్లుగా దీంట్లో కోళ్లకు నీళ్లు పెడుతోందంట. మూడేళ్ల కిందట పాత మట్టిమిద్దె కూల్చినప్పుడు పాత ఇనుము కొనేవాడు వచ్చి అయస్కాంతం పెట్టి చూశాడు. అంచుకు అతుక్కుంది, గిన్నెకు అతుక్కోలేదు. "ఇది ఇనుము కాదు, స్టీలు" అని స్టీలు రేటు కడతానన్నాడంట. అవ్వ ఇవ్వలేదు, కోళ్లకు నీళ్లు దేంట్లో పెట్టేది అని.

ఆ మాట వినగానే నాకు ఒళ్లు జలదరించింది. నా అయస్కాంతం తీసి పెట్టాను. నిజమే, అంచుకు టక్కున పట్టింది, గిన్నెకు జారిపోయింది.

ఇది చాలామంది తిరగేసి అర్థం చేసుకునే పరీక్ష. అయస్కాంతం పట్టకపోతే నకిలీ అనుకుంటారు. ఈ పళ్లెం ఆకారం హెల్మెట్ 1915లో లండన్‌లో జాన్ బ్రోడీ పేటెంటు తీసుకున్న డిజైన్. మొదట మామూలు ఉక్కుతో మొదలుపెట్టి, కొన్నాళ్లకే రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ సలహాతో మాంగనీస్ ఉక్కుకు మారారు, నూటికి సుమారు 12 పాళ్లు మాంగనీస్. ఆ ఉక్కు దెబ్బ తగిలేకొద్దీ గట్టిపడుతుంది, అయస్కాంతానికి పట్టదు. మన చిత్తూరు జిల్లా కంకర క్రషర్లలో రాళ్లు నమిలే జా ప్లేట్లు, రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట వేసే ముక్కలు ఇదే జాతి ఉక్కు. క్రషర్‌లో పనిచేసిన మనిషికి ఇది చెప్తే వెంటనే అర్థమవుతుంది, హెల్మెట్లు సేకరించేవాళ్లకు చెప్పడానికే అరగంట పడుతుంది. అంచుకు ఎందుకు పట్టిందంటే, మొదట్లో కోసిన అంచు పదునుగా ఉండి 1916లో దాని చుట్టూ మామూలు ఉక్కు పట్టీ మడిచి వేశారు.

అమెరికా ఎం 1 హెల్మెట్ గిన్నె కూడా మాంగనీస్ ఉక్కే. జర్మన్ గిన్నె వేరే ఉక్కు, అయస్కాంతం పడుతుంది, కాబట్టి ఆ 38 వేలదాని మీద ఈ పరీక్ష ఏమీ చెప్పదు. బ్రిటిష్ పళ్లెం ఆకారంలో ఉండి గిన్నె కూడా గట్టిగా పట్టిందంటే అది సాధారణంగా పౌరుల రక్షణకు చేసిన మామూలు ఉక్కుది, లేదా నిన్నమొన్నటి నకలు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాక మద్రాసు వరకు ఎంత టెన్షన్ ఉండిందో మన పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. వైమానిక దాడుల జాగ్రత్త పనికి పెట్టుకున్న వార్డెన్ల హెల్మెట్లకూ వాటి చరిత్ర వాటికుంది. వాటిని యుద్ధరంగం నుంచి వచ్చినవని అమ్మడమే మోసం.

ఇప్పుడు నా తప్పు. లోపలి చెత్త కొంచెం తడిపి తీస్తే లైనర్ సగం మిగిలి ఉంది. నల్లటి ఆయిల్ గుడ్డ, నడినెత్తిన రబ్బరు మెత్త ముక్క, స్ప్రింగు ఉన్న గడ్డం పట్టీ తాలూకు ఒక కొస. లైనర్ అట్ట మీద సైజు, దాని కింద 1939. నేను షీట్ తీసి 'బ్రిటిష్ మార్క్ 2, 1939' అని రాసేశాను. మార్క్ 2 అంటే ఈ పళ్లెం రకంలోనే రెండో యుద్ధానికి వాడిన నమూనా. ఆయన అడిగాడు, "దీన్ని మావోడికి అమెరికా పంపొచ్చా సార్?" అని. వందేళ్లు నిండిన వస్తువైతే 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దేశం దాటించడానికి మనబోటివాళ్లకు వీల్లేదు, ఇది 1939ది కాబట్టి ఆ బాధ లేదు అని చెప్పాను. పెద్ద తెలిసినవాడిలాగా. ఆయన అప్పుడే కొడుక్కి ఫోన్ చేసి సోమవారానికి కొరియర్ మాట్లాడుకున్నాడు.

శనివారం రాత్రి అంచు కింద భాగం శుభ్రం చేస్తుంటే ముద్ర తేలింది. మార్క్ 2 అయితే అక్కడ తయారీదారు పొడి అక్షరాలతో పాటు సంవత్సరం ఉండాలి. ఇక్కడ 'హెచ్ ఎస్', పక్కన ఒక అంకె, అంతే. సంవత్సరం లేదు. హెచ్ ఎస్ అంటే షెఫీల్డ్‌లోని హాడ్‌ఫీల్డ్స్, ఇది మొదటి ప్రపంచ యుద్ధం నాటి ముద్ర పద్ధతి. టార్చి దగ్గరగా పెట్టి గడ్డం పట్టీ కడియాల వైపు చూశాను. వాటిని పట్టిన మేకు కొస లోపల రెండుగా చీలి చెరో పక్కకు పరుచుకుని ఉంది. అదీ పాత పద్ధతే. వెండి రంగు ఊడిన ఒక చోట అడుగున గరుకు తగిలింది, రంగులో ఇసుకలాంటిది కలిపి పూసినట్టు. తొలి యుద్ధంలో ఎండకు మెరవకుండా అట్లా పూసేవాళ్లు.

అంటే గిన్నె తొలి యుద్ధానిది, లైనర్ మలి యుద్ధానిది. 1930ల చివర్లో బ్రిటన్ పాత నిల్వలోని గిన్నెలకు కొత్త లైనర్లు, కొత్త పట్టీలు వేసి మళ్లీ ఇచ్చింది, వాటిని మార్క్ 1 స్టార్ అంటారు. నేను మూడు భాగాలున్న వస్తువులో ఒక్క భాగం మీద తారీఖు చూసి మొత్తానికి తారీఖు వేసేశాను. జర్మన్ దాంట్లో మూడు కాలాలు కలిసి ఉన్నాయని ఆయనకు పాఠం చెప్పి గంట కాలేదు, నా చేతిలో రెండు కాలాలు కలిసిన అసలుది ఉంటే చూసుకోలేదు.

రాత్రి పదకొండుకు ఫోన్ చేశాను. "సార్, కొరియర్ ఆపండి." గిన్నె వందేళ్లు దాటింది. ఇది చట్టం కిందికి కచ్చితంగా వస్తుందా రాదా అని తేల్చేది నేను కాదు, పురావస్తు శాఖ. కాదని వాళ్లు సర్టిఫికెట్ ఇస్తే తప్ప పార్సెల్ కట్టకూడదు. నిజానికి 1939ది అనుకున్నప్పుడు కూడా ఆ సర్టిఫికెట్ తెచ్చుకోమనే చెప్పి ఉండాల్సింది. కస్టమ్స్ దగ్గర ఆగితే 'తాత జ్ఞాపకం' అని చెప్తే వినరు. ఆయన కోప్పడలేదు. "మరి మా నాయన కథ?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు.

రెండు రోజులు రంగు పొరల మీద కూర్చున్నాను. అంచు కింద, ఎవరికీ కనపడని చోట అగ్గిపుల్ల తలంత కిటికీ తెరిచి, పది రెట్ల భూతద్దంతో ఒక్కో పొర దిగడం. గరుకు కాగితం పెట్టి రుద్దితే అరగంటలో అయిపోయేది, పొరలన్నీ దుమ్ములో కలిసిపోయేవి, ఆ దుమ్ములో సీసం కూడా ఉండొచ్చు. కింద నుంచి పైకి: ఇసుక కలిసిన ముదురు ఆకుపచ్చ గోధుమ, దానిపైన నున్నటి ఆకుపచ్చ, దానిపైన లేత ఇసుక రంగు, తర్వాత తుప్పు, అన్నిటికన్నా పైన వెండి. లేత ఇసుక రంగు వెండి రంగుకు కిందే కాదు, తుప్పుకు కూడా కిందే ఉంది, అంటే ఇంటికొచ్చాక ఎవరో సరదాకు పూసింది కాదు. అది ఎడారికి సరిపోయే రంగు.

ఆయన వాళ్ల నాయన డిశ్చార్జి కాగితం తెచ్చాడు. మద్రాస్ శాపర్స్, అంటే సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం. 1940లో చేరిక, 1946లో విడుదల, మధ్యలో మిడిల్ ఈస్ట్. షీట్ మీద నేను రాసింది ఇంతే: 'గిన్నె మొదటి యుద్ధం నాటిది, 1939 లైనర్, ఎడారి రంగు వేసిన దశ ఉంది, కుటుంబం దగ్గరున్న కాగితం ప్రకారం యజమాని ఆ ప్రాంతంలో పనిచేశారు. జర్మన్ హెల్మెట్ అన్న కుటుంబ కథకు వస్తువులో ఆధారం లేదు. వస్తువు బ్రిటిష్ సైన్యం కింద పనిచేసిన సిపాయికి ఇచ్చే రకం.' కథను కొట్టేయలేదు, వేరే కాగితం మీద, అవ్వ చెప్పింది చెప్పినట్టు రాసి, తారీఖు వేసి, దీని పక్కన పెట్టాను. రెండూ కలిపి ఒకే పేరాగా రాస్తే నేనూ ఆ మూర్ మార్కెట్ సర్టిఫికెట్ రాసినవాడి పక్కన కూర్చున్నట్టే.

కథలు వస్తువు మీద ఎట్లా పెరుగుతాయో చెప్పడానికి ఇంకొకటి. కొన్నేళ్ల కిందట మదనపల్లె నుంచి ఒక కుర్రోడు ఇదే పళ్లెం రకం తెచ్చాడు, వెనక అంచులో వరసగా మూడు రంధ్రాలు. "మూడు బుల్లెట్లు తగిలినా మా ముత్తాత బతికినాడు సార్." మూడు రంధ్రాలు సమాన దూరంలో, ఒకే కొలతలో, శుభ్రంగా. దక్షిణాఫ్రికాలో తయారైన మార్క్ 2లకు వెనక అంచులో ఆ మూడు రంధ్రాలు ఫ్యాక్టరీలోనే వేస్తారు. ఆ పిల్లోడి మొహం చూసి ఆ రోజు టీ తాగించి పంపాను. బ్రిటన్‌లో కూడా బుల్లెట్ పరీక్షలో తప్పిన గిన్నెల అంచుకు రంధ్రాలు వేసి పౌరుల పనులకు ఇచ్చేవాళ్లు. అంచులో రంధ్రం కనపడితే ముందు ఫ్యాక్టరీని తలుచుకోండి, తర్వాత శత్రువును.

శుభ్రం చేసిన పద్ధతి చెప్పుకోవాల్సినంత గొప్పదేం కాదు. లోపలి చెత్తను గ్లౌజులు, మాస్కు వేసుకుని మెత్తటి బ్రష్‌తో, వెదురు పుల్లతో తీశాను. కోళ్ల రెట్ట ఎండినా ఊపిరితిత్తులకు మంచిది కాదు. లైనర్‌కు నీళ్లు తగలనీయలేదు. నడినెత్తి స్క్రూ విప్పలేదు, ఆ ఆయిల్ గుడ్డ ఒకసారి కదిలితే పొడి అయిపోతుంది. తుప్పు మీద వదులుగా ఉన్నది మాత్రం తీసి, పైన పల్చగా మైక్రోక్రిస్టలైన్ మైనం పట్టించాను. వైర్ బ్రష్, డ్రిల్లుకు తగిలించే చక్రం, తుప్పు తీసే యాసిడ్ ఇవి నా షెడ్డులో ఉన్నాయి గానీ హెల్మెట్ దగ్గరికి రానివ్వను. నకిలీ కొని పోగొట్టుకున్న డబ్బు ఎప్పటికైనా సంపాదించుకోవచ్చు, అసలుదాన్ని మెరిసేలా తోమితే పోయేది మళ్లీ రాదు. వారంలో ఇద్దరైనా 'మెరిసేటట్టు చేసివ్వండి' అని వస్తారు, చాలాసార్లు ఇంటి దగ్గరే సగం తోమి మరీ.

ఒక విషయంలో మాకు మాట పట్టింపు వచ్చింది. కొడుకు వీడియో కాల్‌లో వెండి రంగు మొత్తం తీసేసి ఇసుక రంగు బయటికి తెమ్మన్నాడు. మంచి కోరికే, తాత వేసుకున్న రంగు కళ్లతో చూడాలని. కానీ వెండి రంగు తుప్పును పట్టుకుని ఉంది, ఆ తుప్పు ఇసుక రంగును పట్టుకుని ఉంది. పైది లాగితే కిందిది కూడా ఊడి వస్తుంది, కిటికీ తెరిచిన చోటే చూశాను. చివరికి వెనక వైపు అరచేతి వెడల్పులో ఒక్క చోట, మూడు రోజులు పట్టింది, ఇసుక రంగు వరకు తెరిచి మిగతాది అట్లాగే వదిలేశాను. నాకు పూర్తి తృప్తి లేదు, అక్కడక్కడా ఆకుపచ్చ పొర కూడా లేచింది.

జర్మన్ దాన్ని అమ్మినవాడికి తిరిగివ్వమని సలహా ఇచ్చాను. ఫోన్ ఎత్తలేదు, మెసేజి చూసి ఊరుకున్నాడు. ఆయన దాన్ని ఇంటికి తీసుకుపోనని నా షెడ్డులోనే వదిలేశాడు. లోపల 'నకలు' అని చెరగని రంగుతో రాసి, రంగు మీద గుద్దిన ముద్ర ఎట్లా ఉంటుందో వచ్చినవాళ్లకు చూపించడానికి వాడుకుంటున్నాను. అట్లా రాయకపోతే నా తర్వాత ఎవరో దాన్ని మళ్లీ 50 వేలకు అమ్ముతారు.

అసలుదాన్ని నేనే వాళ్లూరికి తీసుకెళ్లి ఇచ్చాను. పొరల షీట్ కూడా ఇచ్చాను, అందులో ప్రతి పొర పక్కన కాలం రాసే గడి ఉంది. గిన్నెకు, లైనర్‌కు రాశాను, ఇసుక రంగుకు 'యుద్ధ కాలం' అని రాశాను, వెండి రంగు ఎదురుగా ఖాళీ వదిలాను. వాకిట్లో కోళ్లు ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు తాగుతున్నాయి. అవ్వ హెల్మెట్‌ను ఒళ్లో పెట్టుకుని వెనక తెరిచిన చోట వేలితో తడిమింది.

"ఇక్కడ గీకినావా నాయనా?"

"అవునవ్వా, లోపలి రంగు చూద్దామని."

"పైది నేనే పూసినా. ఆయన పోయిన సంవత్సరం సంక్రాంతికి గేటుకు తెచ్చిన రంగు మిగిలితే. తుప్పు పడతా ఉంటే చూడలేక."

ఆయన పోయింది ఎప్పుడని అడిగాను. అవ్వ కొడుకు, అదే మన బ్యాంకాయన, లోపలికి పోయి ఫోటో వెనక చూసి వచ్చి చెప్పాడు. పెన్ను తీసి ఆ ఖాళీ గడిలో రాశాను: 1991 జనవరి.